కొండ దాచిన విమానాలు, దారి చూపిన మనుషులు

మన సంఘం ప్రత్యేక సంచికల్లో ప్రతిసారీ మన పండుగలు, మన పాటలు, మన పోరాట వీరుల గురించి చదువుకుంటున్నాం. ఈసారి మేము మన కొండలకు చాలా దూరంలో ఉన్న వేరే కొండల సంగతి రాస్తున్నాం. అరుణాచల్ ప్రదేశ్‌లో ఆది, లిసు తెగలవారు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో కూలిపోయి, సైన్యం వెతికినా దొరకని అమెరికా విమానాలు వారి అడవుల్లో పడి ఉన్నాయి. అరవై డెబ్బై ఏళ్ళ తర్వాత వాటిలో కొన్నింటి ఆచూకీ తెలిసింది. అది ఫలానా విమానమేనని ఎలా గుర్తుపట్టారు? అందులో పోయిన మనిషి ఎవరో ఎలా తేల్చారు? ఆ పనిలో మనలాంటి ఆదివాసుల పాత్ర ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకుంటే, మన చరిత్రను మనం ఎలా రాసుకోవాలో కూడా తెలుస్తుందని మా నమ్మకం. అందుకే ఈ వ్యాసం.

మూపురం మీదుగా దారి

1942లో యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే సమయంలో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించుకుంటూ ఉత్తరానికి సాగింది. రంగూన్‌లో కూలి పనులు చేసుకుంటున్న తెలుగువాళ్ళు ఎందరో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కొండలూ అడవులూ దాటి, కాలినడకన అస్సాం, మణిపూర్ వైపు వచ్చారు. ఏప్రిల్ చివరలో లాషియో పట్టణం జపాన్ చేతికి చిక్కింది. చైనాకు సరుకులు చేరవేసే బర్మా రోడ్డు అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ రోడ్డు తెగిపోయింది.

జపాన్‌తో పోరాడుతున్న చైనాకు పెట్రోలు, మందుగుండు, మందులు అందించడానికి భూమ్మీద దారి లేకుండా పోయింది. ఇక మిగిలింది ఆకాశం. అస్సాంలోని చబువా, దింజాన్, మోహన్‌బారి వంటి విమాన స్థావరాల నుంచి హిమాలయాల తూర్పు కొసను దాటి, చైనాలోని కున్‌మింగ్ దాకా సుమారు 800 కిలోమీటర్లు సరుకు విమానాలు నడిపారు. ఆ పర్వతాల వరుసకు పైలట్లు పెట్టిన పేరు 'హంప్'. అంటే మూపురం. 1942 నుంచి 1945 దాకా ఆ మూపురం మీదుగా సుమారు 6.5 లక్షల టన్నుల సరుకు చేరవేశారు.

అందుకు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఆ దారిలో సుమారు 600 విమానాలు పోయాయి. 1,600 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. శత్రువు కాల్పుల కంటే వాతావరణమే ఎక్కువ ప్రమాదకరం. రెక్కల మీద మంచు పేరుకునేది. గంటకు 160 కిలోమీటర్లు దాటిన గాలులు విమానాన్ని దారి తప్పించేవి. మబ్బుల్లో కొండ ఎక్కడుందో కనబడేది కాదు. కూలిన విమానాల రేకులు ఎండకు మెరుస్తుంటే, వాటిని చూసి దారి పోల్చుకోవచ్చని పైలట్లు చెప్పుకునేవారట. అందుకే ఆ మార్గానికి 'అల్యూమినియం దారి' అని కూడా పేరు వచ్చింది.

ఆకాశం నుంచి దిగినవారిని ఆదుకున్నది ఎవరు?

ఆ విమానాలు కూలిన కొండలు ఖాళీగా లేవు. అక్కడ ఆదులు, నాగాలు, మిష్మీలు, లిసులు, కచిన్లు, ఇంకా ఎన్నో తెగల ఊళ్ళు ఉన్నాయి. సైన్యం పటాల్లో చాలాచోట్ల ఆ ఊళ్ళు సరిగ్గా గుర్తించి కూడా లేవు.

1943 ఆగస్టు 2న చబువా నుంచి చైనా బయలుదేరిన ఒక సీ-46 విమానంలో ఇంజను చెడిపోయింది. అందులో 21 మంది ఉన్నారు. వారిలో ఎరిక్ సెవరైడ్ అనే పేరున్న అమెరికా విలేకరి కూడా ఒకరు. పారాచూట్లతో దూకినవారిలో 20 మంది బతికారు. కో-పైలట్ చనిపోయాడు. వాళ్ళు దిగింది నాగా కొండల్లో పాంగ్షా అనే ఊరికి దగ్గర. తలలు నరికే తెగ అని బ్రిటిష్ అధికారులే భయపడే ఊరు అది. ఆ ఊరివాళ్ళే వారికి తిండి పెట్టారు, తలదాచుకోవడానికి చోటు ఇచ్చారు. తర్వాత ఒక బ్రిటిష్ అధికారి నాగా మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, అందరినీ నడిపించుకుంటూ కొండలు దాటించాడు. సెవరైడ్ ఆ తర్వాత తన పుస్తకంలో ఈ అనుభవం రాశాడు.

ఆ దారిలో ఎగిరే సైనికులు తమ వెంట ఒక గుడ్డముక్క ఉంచుకునేవారు. దాని మీద జెండా, కొన్ని భాషల్లో ఒక విన్నపం ఉండేవి. ఈ మనిషికి సాయం చేయండి, మీకు తగిన ప్రతిఫలం ఇస్తాం అన్నది దాని సారం. ఆ గుడ్డముక్క మీది అక్షరాలు చదవలేని వాళ్ళు కూడా మనిషి ముఖం చూసి సాయం చేశారు. ఈ సంగతి గుర్తుంచుకుని ముందుకు వెళ్దాం. ఎందుకంటే తర్వాత మనం చదవబోయే వెతుకులాట అంతా ఇలాంటి మనుషుల మీదే ఆధారపడి నడిచింది.

కాగితంలో ఉన్నది, అడవిలో ఉన్నది

విమానం కనబడకుండా పోతే ఆ దళం వాళ్ళు ఒక నివేదిక రాయాలి. దాన్ని 'మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్టు' అంటారు. 1943 నుంచి ఈ పద్ధతి ఉంది. ఎక్కడి నుంచి ఎక్కడికి బయలుదేరింది, చివరిసారి ఎవరు ఎక్కడ చూశారు, ఆ రోజు వాతావరణం ఎలా ఉంది, లోపల ఎవరెవరు ఉన్నారు, ఇవన్నీ అందులో ఉంటాయి. విమానం వరుస సంఖ్య, ఇంజన్ల నెంబర్లు, చాలాసార్లు తుపాకుల నెంబర్లు కూడా రాస్తారు. ఆ కాగితాలు ఇప్పుడు అమెరికా జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. ఎవరైనా చదువుకోవచ్చు.

వరుస సంఖ్య ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. 42-73308. ఇందులో మొదటి 42 అంటే 1942 ఆర్థిక సంవత్సరంలో ఆ విమానం తయారీకి ఆర్డరు ఇచ్చారని అర్థం. మిగిలిన అంకెలు ఆ విమానానికే చెందినవి. మన ఆధార్ నెంబరులాగా ఒక విమానానికి ఒకటే సంఖ్య, అది మరొకదానికి ఉండదు. తోక మీద రంగుతో రాసేటప్పుడు మొదటి అంకె 4ను వదిలేసేవారు. అంటే తోక మీద 273308 అని కనబడుతుంది. ఈ సంగతి తెలియని వాళ్ళు అడవిలో 273308 చూసి కాగితాల్లో వెతికితే ఏమీ దొరకదు. తెలిసినవాళ్ళకు ఒక్క నిమిషంలో విమానం పేరు, అందులో ఉన్న మనుషుల పేర్లు దొరుకుతాయి.

అయితే తోక ఎప్పుడూ మిగలదు. నిప్పుకు కాలిపోతుంది, కొండచరియల కింద పోతుంది. అప్పుడు ఇంజను మీద బిగించిన చిన్న రేకు పలక మీది నెంబరు చూస్తారు. తుపాకీ మీద చెక్కిన నెంబరు చూస్తారు. అవీ లేకపోతే ముక్కల ఆకారాన్ని బట్టి ఏ రకం విమానమో తేల్చి, ఆ ప్రాంతంలో పోయిన ఆ రకం విమానాల జాబితా తీసి, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వస్తారు. సైనికుల మెడలో వేసుకునే పేరు బిళ్ళలు దొరికితే అది అదృష్టమే.

ఇంతవరకూ కాగితం సంగతి. కాగితంలో లేనిది ఒక్కటే: విమానం ఎక్కడ పడింది అన్న సంగతి. 'చివరిసారి చూసిన చోటు' అని ఉంటుంది కానీ, అక్కడి నుంచి అది మబ్బుల్లో ఎటు పోయిందో రాసినవారికి తెలియదు. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వెతికింది. చాలా విమానాల విషయంలో ఫలితం రాలేదు. ఏడాది దాటినా ఆచూకీ లేనివారిని చనిపోయినట్లుగా ప్రకటించి, కుటుంబాలకు తెలియజేశారు. ఫైళ్ళు మూసేశారు.

ఆ చోటు అడవిలోని మనుషులకు తెలుసు. వేటకు వెళ్ళినప్పుడు, మూలికల కోసం వెళ్ళినప్పుడు వారు ఆ రేకులను చూశారు. కొన్నిచోట్ల ఆ అల్యూమినియం రేకును ఇంటికి తెచ్చి పనికొచ్చే వస్తువులుగా మలుచుకున్నారు. ఏ వాగు దాటాక, ఏ గట్టు ఎక్కాక అది కనబడుతుందో తండ్రి కొడుకుకు చెప్పాడు. అంటే నెంబరు ఒక దేశంలో కాగితం మీద ఉంది. చోటు మరో దేశంలో మనుషుల జ్ఞాపకంలో ఉంది. ఈ రెండూ అరవై ఏళ్ళు ఒకదానికొకటి ఎదురుపడలేదు.

దమ్రో దగ్గరి కొండ మీద

ఆ రెంటినీ కలిపినవారిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన క్లేటన్ కూల్స్ ఒకరు. ఆయన సైన్యం మనిషి కాదు, పర్వతాలెక్కే అలవాటున్న మామూలు పౌరుడు. ఉత్తర బర్మా కొండల్లో తిరుగుతున్నప్పుడు, దగ్గరలో ఒక పాత విమానం పడి ఉందని అక్కడివాళ్ళు చెప్పిన మాటతో ఆయనకు ఈ పని మీద ధ్యాస పుట్టింది. అప్పటి నుంచి 20కి పైగా విమానాల ఆచూకీ తీశారు. ఆయన పద్ధతి సులువుగానే కనబడుతుంది. కొండ ఊళ్ళకు వెళ్ళాలి, పెద్దలను అడగాలి, వేటగాళ్ళ వెంట నడవాలి, నెంబరు దొరికేదాకా వెతకాలి, ఆ నెంబరును కాగితాలతో పోల్చాలి.

2006 డిసెంబరులో ఆయన అప్పర్ సియాంగ్ ప్రాంతంలోని దమ్రో అనే ఆది గ్రామం వైపు వెళ్ళారు. ఊరికి ఎగువ కొండల్లో ఒక పెద్ద విమానం శకలాలు ఉన్నాయి. స్థానికుల సాయంతో అక్కడికి చేరారు. దొరికిన సంఖ్య మనం పైన చెప్పుకున్నదే: 42-73308. అది బీ-24 రకం బాంబర్ విమానం. దాని ముక్కు మీద సైనికులు సరదాగా 'హాట్ యాజ్ హెల్' అని పేరు రాసుకున్నారు. నరకమంత వేడి అని అర్థం. ఆ పేరుతో ఎగిరిన విమానం చివరికి చలికొండల్లో పడింది.

కాగితం ఇలా చెప్పింది. 1944 జనవరి 25న ఆ విమానం కున్‌మింగ్ నుంచి చబువాకు బయలుదేరింది. చైనాలో ఉన్న ఆ బాంబర్ దళానికి పెట్రోలు, బాంబులు కావాలంటే తామే ఇండియాకు వచ్చి మోసుకుపోవాలి. ఆ రోజు వాతావరణం బాగాలేదు. విమానం చబువా చేరలేదు. అందులో 8 మంది ఉన్నారు. వారిలో ఒకరు జార్జియా రాష్ట్రంలోని కాంకర్డ్ అనే చిన్న ఊరికి చెందిన రాబర్ట్ యూజీన్ ఆక్స్‌ఫర్డ్.

చోటు తెలిసినా పని అక్కడితో అయిపోలేదు. అది చైనా సరిహద్దుకు దగ్గరి ప్రాంతం కాబట్టి విదేశీ బృందాలకు అనుమతులు తేలిగ్గా రాలేదు. అమెరికా ప్రభుత్వ బృందం పూర్తిస్థాయిలో తవ్వకం జరిపింది 2015లో, సెప్టెంబరు చివర నుంచి నవంబరు మధ్య దాకా. అంటే విమానం దొరికాక 9 ఏళ్ళకు. ఈ తొమ్మిదేళ్ళు కుటుంబాలకు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. ఎదురుచూసేవాళ్ళు కూడా అప్పటికే ముసలివాళ్ళు.

ఎముక నుంచి పేరు దాకా

ఇలాంటి చోట తవ్వడం అంటే పలుగు పార పట్టుకుని ఎక్కడపడితే అక్కడ తవ్వడం కాదు. ముందు ఆ స్థలాన్ని తాళ్ళతో చదరపు గళ్ళుగా విభజిస్తారు. ఒక్కో గడికి ఒక్కో గుర్తు ఇస్తారు. గడిలోని మట్టిని తీసి సన్నటి జల్లెడలో జల్లిస్తారు. ఆ జల్లెడ కన్నం సుమారు 6 మిల్లీమీటర్లు ఉంటుంది. మన ఇళ్ళల్లో చోళ్ళు జల్లించినంత ఓపికగా కొండవాలు మీద వారాల తరబడి మట్టి జల్లించాలి. ఎముక ముక్క, పన్ను, చొక్కా గుండీ, బూటు అడుగు, ఏది దొరికినా ఏ గడిలో దొరికిందో రాసిపెడతారు. విమానంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో కొంతవరకు తెలుసు కాబట్టి, వస్తువు దొరికిన చోటు కూడా ఒక సాక్ష్యమే అవుతుంది.

దొరికిన అవశేషాలను ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ పళ్ళను సైన్యం దగ్గరున్న పాత దంతవైద్య పత్రాలతో పోలుస్తారు. ఎముకల నుంచి డీఎన్ఏ తీస్తారు. కణం గురించి చదివినవారికి మైటోకాండ్రియా గుర్తుండే ఉంటుంది. మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. అందుకని చనిపోయిన సైనికుడికి పిల్లలు లేకపోయినా, అతని అక్కచెల్లెళ్ళ పిల్లల నుంచి, వారి కూతుళ్ళ పిల్లల నుంచి నమూనా తీసుకుని పోల్చవచ్చు. ఎన్నేళ్ళు గడిచినా ఆడవాళ్ళ ద్వారా ఆ గుర్తు సాగుతూనే ఉంటుంది.

దమ్రో దగ్గర దొరికిన అవశేషాలను 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో సైనిక గౌరవంతో అమెరికాకు పంపారు. కుటుంబ సభ్యుల డీఎన్ఏతో పోల్చి చూశాక, 2017లో అవి ఆక్స్‌ఫర్డ్‌వని ప్రకటించారు. ఆ ఏడాది జూన్‌లో ఆయన సొంత ఊరు కాంకర్డ్‌లో ఖననం చేశారు. కనబడకుండా పోయిన 73 ఏళ్ళకు ఆయన ఇల్లు చేరారు. ఆయన తల్లిదండ్రులు అప్పటికి ఎప్పుడో పోయారు.

మనకూ చావు తర్వాత చేయాల్సినవి ఉన్నాయి. మనిషిని మట్టిలో కలిపి, దినం చేసి, పెద్దల్లో కలుపుకుంటే గాని ఇంట్లోవాళ్ళ మనసు కుదుటపడదు. ఆ మాటకొస్తే అమెరికాలోని ఆ కుటుంబానికీ, మన కొండ మీది కుటుంబానికీ ఈ విషయంలో తేడా లేదు. దేహం రాని ఇంట్లో దుఃఖానికి ముగింపు ఉండదు.

ముగ్గురు దారి చూపినవారు

ఇప్పుడు చెప్పబోయేది మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి.

1945 జనవరి మొదటి వారంలో కున్‌మింగ్ నుంచి వస్తున్న ఒక సీ-46 విమానం తుఫాను వాతావరణంలో అరుణాచల్ కొండల మీద కనబడకుండా పోయింది. అందులో 13 మంది ఉన్నారు. వారిలో ఒకరి కొడుకు అప్పటికి 13 నెలల పసివాడు. తండ్రి ముఖం ఎరగకుండా పెరిగాడు. పెద్దవాడై, ముసలితనంలో ఆయనే క్లేటన్ కూల్స్‌ను ఆ విమానం వెతికిపెట్టమని కోరాడు. లిసు తెగకు చెందిన గైడ్లతో బృందం బయలుదేరింది. ఛాతీ లోతు నీళ్ళలో వాగులు దాటారు, గడ్డకట్టే చలిలో గుడారాలు వేసుకున్నారు. చివరికి 2021 డిసెంబరులో మంచు కప్పిన శిఖరం మీద విమానం దొరికింది. తోక నెంబరుతో గుర్తుపట్టారు. మనుషుల అవశేషాలు మాత్రం అక్కడ కనబడలేదు. అయినా తండ్రి ఎక్కడున్నాడో తెలిసిందన్న తృప్తి ఆ కొడుక్కు మిగిలింది.

కానీ ఈ వెతుకులాట తొలి దశలో మరొకటి జరిగింది. ఒక సెప్టెంబరు నెలలో మంచు తుఫాను ముంచుకొచ్చింది. గుడారంలో ఉన్న ముగ్గురు గైడ్లు చలికి బిగుసుకుపోయి చనిపోయారు.

మేము ఆ వార్త చదివాక మళ్ళీ మళ్ళీ వెతికి చూశాం. విమానం రకం ఉంది, ఎంతమంది ఎక్కారో ఉంది, వెతికిన అమెరికన్ పేరు ఉంది, వెతికించిన కొడుకు పేరు ఉంది. మాకు దొరికిన వార్తల్లో ఆ ముగ్గురి ప్రస్తావన ఒక్క వాక్యం. 'ముగ్గురు గైడ్లు' అని మాత్రమే. వాళ్ళకూ ఇళ్ళున్నాయి. వాళ్ళ ఇళ్ళల్లోనూ పసిపిల్లలు ఉండి ఉండవచ్చు. ఒకరి తండ్రి ఆచూకీ కోసం వెళ్ళి వాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆచూకీ తెలిసినవారి చరిత్రలో వాళ్ళకు పేరు దక్కలేదు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. తండ్రి కోసం తపించిన కొడుకుది తప్పు కాదు. ప్రాణాలకు తెగించి కొండలెక్కినవారిదీ తప్పు కాదు. మేము అడిగేది ఒక్కటే. 1945లో పోయినవారి పేర్లు ఇన్నేళ్ళు నిలిచాయంటే, పోయిన 48 గంటలకో వారానికో ఎవరో ఒకరు కూర్చుని కాగితం మీద రాశారు కాబట్టి నిలిచాయి. మన తరఫున అలా కూర్చుని రాసేవారు ఎవరు?

మన సంగతి

అస్సాంలో ఆ విమానాలు ఎగిరిన రన్‌వేల కోసం, యుద్ధపు రోడ్ల కోసం వేలాది కూలీలు పనిచేశారు. తేయాకు తోటల యజమానుల సంఘం తమ తోటల నుంచి కూలీలను పంపింది. గంపలతో మట్టి మోసిన ఆడవాళ్ళ ఫోటోలు నేటికీ ఉన్నాయి. ఆ తోటల్లో ఉన్నవారు ఎవరు? చాలామంది మధ్య భారతం, ఒడిశా, మన ఉత్తరాంధ్ర కొండల నుంచి తరలించుకుపోయిన ఆదివాసులు, పేదలు. అస్సాం తేయాకు తోటల సమాజాల్లో ఈనాటికీ సవరలు ఉన్నారు, 'తెలంగా' అని పిలిచే తెలుగు మూలాలవారు ఉన్నారు. విమానంలో పోయిన మనిషికి మిస్సింగ్ రిపోర్టు ఉంది. ఆ విమానం లేచిన నేలను చదును చేసిన మనిషికి అలాంటి రిపోర్టు రాసే ఏర్పాటు లేదు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం హాస్టల్లో సాయంత్రం చదువు వేళ నోటు పుస్తకాలు దిద్దుతున్నాం. తొమ్మిదో తరగతి పాప ఒకతె రెండో ప్రపంచ యుద్ధం పాఠం కింద అర పేజీ అదనంగా రాసింది. వాళ్ళ అవ్వ చెప్పిన సంగతట. అవ్వకు చిన్నాన్న వరస మనిషి ఒకరు టీ తోటలకు పోయాడు. ఒకసారి ఎవరి చేతో డబ్బు పంపాడు. విమానాల పని మీద పెట్టారని కబురు వచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ రాలేదు. ఆయన పేరు, ఊరి పేరు, పంపిన మనిషి ఊరు కూడా ఆ పాప రాసింది. మేము దాని కింద ఎర్ర సిరాతో 'పాఠానికి సంబంధం లేదు' అని రాశాం.

మరుసటి ఏడాది ఆ అవ్వ పోయింది. అరుణాచల్ విమానాల గురించి చదువుతున్నప్పుడు మాకు ఆ అర పేజీ గుర్తొచ్చింది. చదువుకున్న మేము, బోధన శిక్షణ పొందిన మేము, మా చేతికి వచ్చిన ఒక మిస్సింగ్ రిపోర్టును సంబంధం లేదని కొట్టేశాం. ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఫోను చేసి అడిగాం. పాత పుస్తకాలు ఇంట్లో అటక మీద ఉన్నాయని, వెతికి ఆ పేజీ ఫోటో తీసి పంపింది. ఎర్ర సిరా అలాగే ఉంది. పేరూ ఉంది.

మీరు చేయగలిగింది

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఆ రోజుల్లో సైన్యానికి కూడా లేని వసతి ఇది. విమానాలు వెతికినవారి పద్ధతిలో మనం తీసుకోదగ్గవి కొన్ని చెబుతాం.

ఒకటి, చెప్పినవారి పేరు ముందు రాయండి. ఎవరు చెప్పారు, వారి వయసు ఎంత, ఏ ఊరు, ఏ తేదీన చెప్పారు. ఇది లేని కథ నెంబరు లేని రేకుముక్క లాంటిది. తర్వాత ఎవరూ దాన్ని దేనితోనూ పోల్చలేరు. రికార్డు చేసే ముందు వారి అనుమతి అడగండి. చెప్పనంటే వదిలేయండి.

రెండు, చోటు పేరును మన భాషలోనే రాయండి. కొండకు, వాగుకు, బండకు మనవాళ్ళు పెట్టిన పేర్లు ప్రభుత్వ పటాల్లో ఉండవు. ఆ పేరు తెలిసినవారే దారి చూపగలరు.

మూడు, విన్నదాన్నీ ఊహించినదాన్నీ కలపకండి. అవ్వ చెప్పింది ఒకచోట రాయండి. మీకు తోచింది మరోచోట రాయండి. నెంబరు సరిపోయేదాకా ఫలానా విమానం అని ప్రకటించకపోవడమే ఆ పరిశోధకుల గొప్పతనం. మనమూ అలాగే ఉండాలి. ఒక వీరుడి కథను పెద్దది చేసి చెప్పాలన్న ఆశ అందరికీ ఉంటుంది. ఒకచోట అబద్ధం దొరికితే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నాలుగు, మనవాళ్ళ మాటను కాగితంతో కలపండి. రెవెన్యూ రికార్డులు, పాత జనాభా లెక్కలు, జిల్లా గెజిటీర్లు, రాష్ట్ర పత్రాగారం ఉన్నాయి. డిగ్రీ, పీజీ చదివేవారు అక్కడికి వెళ్ళి అడగవచ్చు. అమ్మమ్మ చెప్పిన పేరు ఆ కాగితాల్లో కనబడిన రోజు మీకు కలిగే ఆనందం పరీక్షలో వచ్చిన మార్కులకు కలగదు.

ఐదు, అడవిలో పాత లోహపు వస్తువులు, ఎముకలు కనబడితే కదపకండి. పక్కన ఒక స్కేలో పెన్నో పెట్టి ఫోటో తీయండి, చోటు గుర్తు పెట్టుకోండి, పెద్దలకు, తహసీల్దారుకు, పోలీసులకు చెప్పండి. పాత మందుగుండు ఎన్నేళ్ళయినా పేలుతుంది. ఎముక అయితే అది ఎవరి ఇంటి మనిషో.

2023 నవంబరులో అరుణాచల్‌లోని పాసీఘాట్‌లో 'హంప్' విమానాల కోసమే ఒక మ్యూజియం తెరిచారు. కొండల్లో దొరికిన ఆక్సిజన్ సిలిండర్లు, మర తుపాకులు, విమానాల శకలాలు అందులో ఉన్నాయి. ఆ వస్తువులు అన్నేళ్ళు అక్కడ మిగిలాయంటే అడవే కాదు, అడవిలో ఉన్నవారు కూడా వాటిని గుర్తుంచుకున్నారు. ఎప్పుడైనా ఆ వైపు వెళ్ళే అవకాశం వస్తే చూసి రండి. చూసేటప్పుడు ఆ రేకు దాకా దారి చూపినవారు ఎవరని అక్కడివాళ్ళను అడగండి. చెప్పిన పేరు రాసుకోండి.

ఆ పాప పంపిన పేజీని మేము అచ్చు తీయించి హాస్టల్ గ్రంథాలయంలో పెట్టాం. కొత్తగా ఒక పెద్ద రిజిస్టరు కూడా తెరిచాం. ఇళ్ళ నుంచి వెళ్ళి తిరిగి రానివారి పేర్లు అందులో రాయమని పిల్లలకు చెప్పాం. సెలవులకు ఇంటికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కొన్ని పేర్లు చేరుతున్నాయి. కొందరు తోటలకు పోయినవారు, కొందరు ఆనకట్టల పనికి పోయినవారు, కొందరు ఈ మధ్యే నగరాలకు పోయినవారు. మొదటి పేజీలో మొదటి వరుస ఆ అవ్వ చిన్నాన్నది. ఎదురుగా, చెప్పినవారు అన్న గడిలో అవ్వ పేరు, రాసినవారు అన్న గడిలో ఆ పాప పేరు ఉన్నాయి. మీ ఊరిలో, మీ హాస్టల్లో, మీ సంఘం శాఖలో అలాంటి రిజిస్టరు ఒకటి తెరవండి. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. చెప్పగలిగినవారు ఇంకా మన మధ్య ఉన్నారు.